నూటికి నూరు వచ్చిన కుళాయి

మార్కులు బళ్లో పిల్లలకే వేస్తారనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు ఊళ్లకి కూడా వేస్తున్నారు. నరసాపురానికి కాస్త దూరంలో, కాలవ చిట్టచివర ఉన్న ఒక ఊరికి నీళ్ల విషయంలో నూటికి నూరు వేశారు. ఆ నూరూ వేయించిన మనిషి పేరు దేవకుమారి. ఆవిడ ఏ ఆఫీసులోనూ పని చెయ్యలేదు, ఏ పదవిలోనూ లేదు. లేసు అల్లుకుని బతికే మనిషి. ఊరి శివారు పేటలో ఆఖరి ఇల్లు ఆవిడది.

ఆ ఇంటి గుమ్మం పక్కన సిమెంటు దిమ్మలో ఒక కుళాయి ఉంది. ఇంటింటికీ కుళాయి ఇస్తున్నామన్నప్పుడు వాళ్లకీ వేశారు. వేసిన రోజున చర్చి అయ్యగారొచ్చి ప్రార్థన చేశారు, పంచాయతీవాళ్లు ఫొటో తీసుకున్నారు, పేటంతా మిఠాయి పంచుకున్నారు. కొన్నాళ్లు వచ్చీరానట్టు వచ్చి, తర్వాత ఆ కుళాయి నీళ్లివ్వడం మానేసి గాలి ఇవ్వడం మొదలెట్టింది. అందులో వింతేం లేదు. ట్యాంకు ఊరి మొగలో, ఊళ్లోకొచ్చే చోటే ఉంది. అక్కణ్ణుంచి బయల్దేరిన నీళ్లు పెద్దవీధి దాటాలి, సెంటరు దాటాలి, రైతుల ఇళ్లు దాటాలి. దారి పొడుగునా ప్రతి ఇంటివాళ్లూ కుళాయికి మోటారు బిగించుకుని లాగేస్తుంటే పేటలోకి వచ్చేదెంత? ఆఖరింటికి మిగిలేదెంత? ఈ సంగతి తెలియనివాళ్లు ఊళ్లో లేరు. మోటారు పీకిన మగాడూ లేడు.

దేవకుమారి మొగుడు జీవరాజు నరసాపురం రేవులో పంటు మీద పనిచేసేవాడు. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ మోసుకుని గోదారి దాటించే ఆ పంటు ఒడ్డుకి చేరగానే తాడు విసిరి కట్టడం ఆయన పని. గొంతెత్తి ఒక్క కేక వేస్తే అవతలి రేవులో వినబడేదని చెప్పుకునేవారు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, గొంతూ పోయింది. నోట్లోంచి వచ్చేది మాటో మూలుగో ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క దేవకుమారికే తెలిసేది. పరామర్శకొచ్చినవాళ్లు ఆయన ఏదైనా అనగానే ఆవిడ మొహంలోకి చూసేవారు. "మీ అబ్బాయి బాగున్నాడా అంటున్నారు" అనో, "కూచోమంటున్నారు" అనో ఆవిడ చెప్పేది. ఆ మాట విని ఆయన తలూపేవాడు. వాళ్లకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఒకరికి మాట, ఇంకొకరికి తోడు అలా కుదిరాయి.

మంచం పట్టిన మనిషికి నీళ్లెన్ని కావాలో చేసినవాళ్లకే తెలుస్తుంది. తాగడానికైతే ఒక టిన్ను కొనుక్కోవచ్చు. పక్క తడిసినప్పుడల్లా ఒళ్లు కడగాలి, గుడ్డలు జాడించాలి. అన్నిటికీ టిన్నులు కొనగలిగినవాళ్లు ఆ పేటలో ఎవరున్నారు? ఇంటెనక బోరు కొడితే వచ్చేది ఉప్పునీళ్లు. వీపు మీద పుళ్లు పడ్డ మనిషికి ఉప్పునీళ్లు పోస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఆయన మొహం చూసి తెలుసుకున్నాక దేవకుమారి మళ్లీ ఆ పని చెయ్యలేదు. రోజూ బిందెలు పట్టుకుని ఊరి మొగలో ట్యాంకు దగ్గరికి పోయేది. అక్కడ వరసలో నిలబడి, వంతొచ్చినప్పుడు పట్టుకుని, మోసుకుని వచ్చేసరికి సగం పూట గడిచిపోయేది. ఆ సగం పూటా జీవరాజు ఒక్కడే ఇంట్లో. మంచం మీంచి జారిపడితే లేపే దిక్కు లేదు. పిలిస్తే అర్థం చేసుకునే మనిషి లేదు. ఆవిడ బిందె నెత్తిన పెట్టుకుని దాదాపు పరుగెడుతూ వచ్చేది.

దేవకుమారి దేవుణ్ణి అడిగినా, పంచాయతీని అడిగినా కోరిక ఒక్కటే. గుమ్మంలో కుళాయికి నీళ్లు రావాలి. ఆయన్ని వదిలి వెళ్లక్కర్లేకుండా ఉండాలి.

అలాంటి రోజుల్లో ఊరికి మార్కుల పథకం వచ్చింది. సముద్రాల అవతల ఏదో దేశం వాళ్లు డబ్బు సాయం చేస్తారట. ఊరికే ఇవ్వరట. ఏ పంచాయతీ జనానికి పనులు బాగా చేస్తుందో చూసి, మార్కులు వేసి, ఎక్కువొచ్చిన ఊరికి బహుమతిగా ఇస్తారట. ఆలోచన మంచిదే. ఇస్తామన్నవాళ్లని తప్పుపట్టడానికేం లేదు. బాగా చేసినవాడికే డబ్బొస్తుందంటే అందరూ బాగా చేస్తారని వాళ్లు నమ్మారు. బాగున్నట్టు కనబడటం అంతకంటే తేలికన్న సంగతి వాళ్లకి చెప్పినవాళ్లు లేరు, అంతే.

ప్రెసిడెంటు ఉదయ్‌భాస్కర్ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోకొచ్చి పేటవాళ్లతో మాట్లాడాడు. దుర్మార్గుడేం కాదు. మాట మెత్తన, చెయ్యి పెద్దది. పక్కన పంచాయతీ సెక్రటరీ తేజస్వి నిలబడింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల.

"మనకి ఈ ప్రైజు వచ్చిందంటే మొట్టమొదట చేసే పని మీ పేటకి వేరే పైపులైను. ట్యాంకు దగ్గర్నుంచి తిన్నగా మీకే. మధ్యలో ఎవడూ మోటారు పెట్టే పని లేదు" అన్నాడు ఉదయ్‌భాస్కర్. "వాళ్లొచ్చి చివరింటి కుళాయి చూస్తారు. దేవకుమారమ్మా, అది మీ ఇల్లే. ఊరి పరువు మీ చేతుల్లో ఉంది."

"మరి ఏం చెప్పమంటారండి?" అంది దేవకుమారి.

"నేనేం చెప్పను. మీకు ఏది మంచిదనిపిస్తే అదే చెప్పండి."

అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. ఆ మాట ఎన్నిసార్లయినా ప్రమాణం చేసి చెప్పగలడు. కానీ పేటంతా ఆవిడ వెంటపడింది. ఎదురింటి జయపాల్ అయితే చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. పెళ్ళాం బిడ్డలున్నవాడు, రొయ్యల చెరువుల మీద కాపలా పని పోయి ఖాళీగా ఉన్నాడు. "పిన్నీ, ఒక్క మాటతో మన రాత మారిపోద్ది. ఆళ్ల ముందు మన కష్టాలు ఏకరువు పెట్టకు. ఇంటికొచ్చినోళ్లతో ఏడుపులేంటి?" అన్నాడు.

ఆ చివరి మాట దేవకుమారికి బాగా పట్టింది. ఆవిడ మామ్మకి లేసు నేర్పింది ఒక మిషన్ దొరసాని. ఆ దొరసాని ఏడాదికొకసారి పేటకొస్తే ఇల్లలికి, ఉన్న ఒక్క మంచి దుప్పటీ పరిచి, అందరూ కీర్తన పాడి, "అంతా బాగున్నామండీ" అని చెప్పేవాళ్లట. పస్తున్న రోజున కూడా అలాగే చెప్పేవాళ్లట. దూరం నుంచి మనకోసం వచ్చిన మనిషిని నొప్పించకూడదని ఆ పేటలో అందరికీ ఉగ్గుపాలతో పట్టినట్టు అబ్బింది. ఆకలి చెప్పుకోవడం కంటే దాచుకోవడం మర్యాద. ఈ మర్యాద ఎన్ని నష్టాలు తెచ్చిందో లెక్క కట్టినవాళ్లు లేరు.

వాళ్లు వచ్చే రోజున పొద్దున్నే ఊళ్లో వాల్వులన్నీ కట్టేశారు. మోటార్లు తీసి దాచుకోమని పెద్దవీధిలో మైకు పెట్టి మరీ చెప్పారు. నీళ్లన్నీ పేటకి వదిలారు. దేవకుమారి గుమ్మంలో కుళాయి ముందు బుసకొట్టింది, తర్వాత తుప్పు కక్కింది, ఆ తర్వాత తెల్లగా, లావుగా నీళ్లు దూకాయి.

ఆవిడ కాసేపు నమ్మలేక చూస్తూ నిలబడింది. తర్వాత జయపాల్‌ని కేకేసి, ఇద్దరూ కలిసి జీవరాజుని ఎత్తుకొచ్చి కుళాయి పక్కన కుర్చీలో కూచోబెట్టారు. మంచాన పడ్డాక ఆయన ఒంటిమీద ధారగా నీళ్లు పడటం అదే మొదలు. చెంబులతో కొలిచి పోసే అవసరం లేదు. తల మీంచి, మెడ మీంచి, వీపు మీద పుళ్ల మీంచి చల్లగా జారిపోతుంటే ఆయన కళ్లు మూసుకుని నవ్వాడు. నోరు వంకరపోయిన ఆ నవ్వు చూసి దేవకుమారికి ప్రాణం లేచొచ్చింది. "రేపట్నుంచి రోజూ ఇంతే మావా" అంది సబ్బు రుద్దుతూ. ఆ క్షణాన ఆవిడ ఏం చెప్పాలో నిర్ణయించేసుకుంది.

మధ్యాహ్నానికి వచ్చారు. ఒక తెల్లావిడ, ఆవిడ మాటలు తెలుగులో చెప్పే ఒక అమ్మాయి, వెనకాల తేజస్వి, ప్రెసిడెంటు, సగం ఊరు. తెల్లావిడ ఎండకి మొహం ఎర్రబడిపోయి ఉంది. మనిషి మంచిదే. లోపలికొచ్చి జీవరాజుకి వంగి నమస్కారం పెట్టింది. గుమ్మంలోకొచ్చి కుళాయి తిప్పి, పడుతున్న నీళ్లని దోసిట్లో పట్టుకుంది.

"రోజూ ఇలాగే వస్తాయా అని అడుగుతున్నారండీ" అంది మాటలు చెప్పే అమ్మాయి.

"వస్తాయండి. రెండు పూటలా వస్తాయండి" అంది దేవకుమారి.

మంచం మీంచి జీవరాజు ఏదో అన్నాడు. తెల్లావిడ చటుక్కున అటు తిరిగింది. ఆయన మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా, మంచి చెయ్యి ఊపుతూ. మెడ నరాలు పైకి తేలాయి.

"పెద్దాయన ఏమంటున్నారు?" అంది అమ్మాయి.

అందరూ దేవకుమారి మొహంలోకి చూశారు. ఆయన అన్నది ఆవిడకి అక్షరం అక్షరం తెలిసింది. "అబద్ధం. రావు. ఇయ్యాలే వచ్చినాయి" అన్నాడాయన.

"ఎండలో పడి వచ్చారు కదండీ, మంచినీళ్లు తాగి వెళ్లమంటున్నారు" అంది దేవకుమారి.

తెల్లావిడ కళ్లు చెమర్చాయి. జీవరాజు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. దేవకుమారి తను అల్లిన లేసు రుమాలొకటి ఆవిడకి బహుమతిగా ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. జీవరాజు చెయ్యి లాక్కోలేదు. పెళ్ళాం వంక మాత్రం చూశాడు. ఆ చూపు దేవకుమారి ఒంటిమీంచి ఇప్పటికీ పోలేదు.

వాళ్లు వెళ్లిపోయాక ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, ఒత్తిగిలమంటే ఒత్తిగిలాడు, మాట మాత్రం లేదు. చాలా రోజులకి ఒక్కటే అన్నాడు. "నా మాట మార్చావే."

"మన కోసమే కదా మావా. పైపులైను పడితే నిన్నొదిలి ఎక్కడికీ ఎల్లను కదా" అంది ఆవిడ. ఆయనకి ఉన్న ఒక్క గొంతూ తనదే అయినప్పుడు దాన్ని తిప్పేస్తే ఆ మనిషికి ఇంకేం మిగిలింది? ఈ సంగతి ఆవిడకి అప్పుడు తట్టలేదు, ఆశ అంత ఉంది మరి.

ప్రైజు వచ్చింది. జిల్లా మొత్తంలో పేరొచ్చింది. ప్రెసిడెంటుకి శాలువా కప్పారు, పేపర్లో ఫొటో వేశారు. ఆ ఫొటో వెనకాల ఎక్కడో దేవకుమారి కుళాయి కూడా పడింది. కుళాయి మాత్రం తెల్లావిడ వచ్చివెళ్లిన మర్నాటి నుంచే మళ్లీ గాలి వదులుతోంది. మోటార్లు ఎక్కడివక్కడ బిగించేశారు. పైపులైను ఎప్పుడేస్తారోనని దేవకుమారి కళ్లు కాయలు కాసేలా చూసి, ఉండబట్టలేక పంచాయతీ ఆఫీసుకి వెళ్లింది.

తేజస్వి ఆవిణ్ణి కూచోబెట్టి, చెప్పలేక చెప్పలేక చెప్పింది. "ఆ డబ్బుని ఎక్కడ మార్కులు తక్కువొచ్చాయో అక్కడే వాడాలండి మామ్మగారూ. నీళ్లకి మనకి నూటికి నూరు వచ్చాయి. నూరొచ్చినదానికి ఇంక ఖర్చు పెట్టనివ్వరు. చెత్త విషయంలో తక్కువొచ్చాయి. అందుకని చెత్త బండి కొంటున్నారు."

"మరి మా పైపులైనో అమ్మా?"

"మీ పేటకి నీళ్లు అందుతున్నట్టే రాసుకున్నారండి. వేరే పథకంలో పెడదామన్నా, అందుతున్న ఊరికి మళ్లీ ఎందుకంటున్నారు పైవాళ్లు."

ఒక్క మాటతో పేట రాత మారిపోతుందన్నారు. మారిపోయింది, నిజమే.

"అయితే ఇప్పుడు రాయండమ్మా. ఈ ముసల్ది అబద్ధం చెప్పిందని రాయండి. నేను ఏలిముద్ర ఏస్తాను. ఎవరొచ్చి అడిగినా చెప్తాను. రావమ్మా నీళ్లు, ఎప్పుడూ రాలేదు."

తేజస్వి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను రాయగలనండి. రాస్తే ఇచ్చిన డబ్బంతా ఊరు వెనక్కి కట్టాలి. బండి వెనక్కి పోతుంది. మీరు ఇంటికెళ్లి ఒక్కసారి ఆలోచించుకోండి మామ్మగారూ. రేపొచ్చి రాయమంటే రాస్తాను, నా ఉద్యోగం ఏమైనా సరే."

దేవకుమారి రాయించడానికే నిశ్చయించుకుని ఇంటికొచ్చింది. ఎదురింటి ముందు చెత్త బండి ఆగి ఉంది. ఆకుపచ్చ రంగుది, కొత్తది. జయపాల్ ఒళ్లంతా నవ్వై దాన్ని తుడుస్తున్నాడు. "పిన్నీ, నన్ను డ్రైవరుగా ఏసుకున్నారు. నీ చలవే ఇదంతా" అని కాళ్లకి దణ్ణం పెట్టాడు. వాడి పెళ్ళాం గ్లాసుతో పాయసం తెచ్చింది. దేవకుమారి ఆ గ్లాసు అందుకుంది. మర్నాడు పంచాయతీ ఆఫీసుకి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు.

ఎండాకాలం ముదిరి కాలవలు కట్టేశారు. ట్యాంకుకి నీళ్లిచ్చే మంచినీళ్ల చెరువు అడుగంటింది. ట్యాంకు దగ్గర వరస పొడుగైంది, కొట్లాటలు మొదలయ్యాయి. పొద్దున వెళ్లిన దేవకుమారి ఎండ నడినెత్తికొస్తేగానీ ఇల్లు చేరడం లేదు. జీవరాజు చిక్కి శల్యమయ్యాడు. కోపం మాత్రం ఎప్పుడో మర్చిపోయినట్టున్నాడు. ఆవిడ బిందె దించగానే మంచి చెయ్యి చాపి ఆవిడ నుదుటి చెమట తుడిచేవాడు.

ఆ రోజు నీళ్లు తొందరగా ఆపేస్తారని పేటలో పుకారు పుట్టింది. ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని ఉరుకుతున్నారు. దేవకుమారి గుమ్మం దాటుతుండగా లోపల్నించి జీవరాజు ఏదో అన్నాడు. ఆవిడకి సరిగ్గా వినబడలేదు. "వచ్చాక చెబుదువుగాని మావా, ఇప్పుడే వచ్చేస్తా" అని వెనక్కి తిరక్కుండానే వెళ్లిపోయింది.

వచ్చేసరికి ఆయన మంచం మీద లేడు. గడప దగ్గర బోర్లా పడి ఉన్నాడు. మంచి చెయ్యి గడప అవతలికి చాచి ఉంది. దాహమేసి వచ్చాడో, ఆవిణ్ణి పిలవడానికి వచ్చాడో, ఒళ్లు మండి వచ్చాడో చెప్పడానికి మనిషి లేడు. దేవకుమారి బిందె దించకుండానే కూలబడింది. మోసుకొచ్చిన నీళ్లన్నీ ఆయన మీదే ఒలికిపోయాయి.

చావుకి ఊళ్లో మర్యాద ఉంది. ఎవరింట్లో పీనుగు లేస్తే ఆ వైపుకి వాల్వు తిప్పి నీళ్లొదులుతారు. ప్రెసిడెంటు ఫోను చేసి చెప్పాడు, ట్యాంకు మనిషి తిప్పాడు, కుళాయి ధారగా కారింది. ఆ నీళ్లతోనే జీవరాజుకి స్నానం చేయించి, తెల్లబట్టలు కట్టి, పెట్టెలో పడుకోబెట్టారు. పేటలో ఆడవాళ్లు ఏడుస్తూనే బిందెలు తెచ్చి కుళాయి కింద పెట్టుకున్నారు. వాళ్లని తప్పుపట్టినవాళ్లు లేరు. మళ్లీ ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు?

సమాధుల దొడ్డిలో పెట్టె దించే ముందు పోయినవాళ్ల ఆఖరి మాట చెప్పడం ఆ సంఘంలో ఆచారం. ఇంటివాళ్లని అడిగి అయ్యగారు అందరికీ వినిపిస్తారు. ఆఖరి మాటలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ప్రభువు దగ్గరికి పోతున్నానన్నాడనో, అందరినీ క్షమించానన్నాడనో చెబుతారు. అన్నా అనకపోయినా చెబుతారు. అది విని జనం ఓదార్పుతో ఇళ్లకి వెళతారు. జీవరాజు మాటలు ఇన్నాళ్లూ దేవకుమారి నోటే విన్నారు కాబట్టి అందరూ ఆవిడ వైపు తిరిగారు. ప్రెసిడెంటు తలొంచుకుని నిలబడి ఉన్నాడు. తేజస్వి ఉంది. జయపాల్ తాడు పట్టుకుని ఉన్నాడు.

"చివరిగా ఏం చెప్పాడమ్మా?" అన్నారు అయ్యగారు మెల్లగా.

"ఏదో అన్నారండి" అంది దేవకుమారి. అయ్యగారు ఆగారు. అందరూ ఆగారు. ఏదో ఒకటి చెప్పెయ్యమని పక్కనున్న ఆడవాళ్లు ఆవిడ చెయ్యి నొక్కారు.

దేవకుమారి ప్రెసిడెంటు వంక చూసింది, తేజస్వి వంక చూసింది. తర్వాత పెట్టె వంక చూసింది.

"నాకు తెలవదండి అయ్యగారూ" అంది. "నీళ్లకి ఎల్లే తొందర్లో ఇనలేదు."